ఆవిరికి 33... పాలమూరుకు 17.84!

కాగితం, పెన్ను తీసుకోండి. 749.16 రాయండి. దాని కింద 33. దాని కింద 17.84. కూడండి. సరిగ్గా 800 వస్తుంది.

కృష్ణా నదిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన నికర జలాల లెక్క ఇదే, టీఎంసీల్లో. పునరుత్పత్తి జలాల పేరుతో తర్వాత ఇంకో 11 కలిస్తే, మన సభల్లో, ధర్నాల్లో అందరి నోళ్లలో నానిన 811 అయింది. 811 అంకె ఓయూ హాస్టల్ పోరగాండ్లకు నిద్రలో లేపి అడిగినా వచ్చేది. కానీ అసలు కథ 811లో లేదు, దాని కడుపులో ఉన్న ఈ మూడు అంకెల్లో ఉంది.

749.16 టీఎంసీలు 1960 సెప్టెంబరు నాటికే వాడుకలో ఉన్నవి, అప్పటికే చేపట్టిన ప్రాజెక్టులవి. వాటిని ముట్టుకోవద్దు, రక్షణ ఇస్తున్నామన్నది ట్రిబ్యునల్. 33 టీఎంసీలు శ్రీశైలం జలాశయం మీద ఎండ కొట్టి ఆవిరైపోయే నీళ్లు. ఇగ మిగిలిన 17.84 జూరాలకు. ఉమ్మడి రాష్ట్రమంతటికీ కలిపి కొత్తగా ఒక పొలానికి పారడానికి దొరికింది అదొక్కటే. సూర్యుడికి ఇచ్చిన దాంట్లో పాలమూరుకు ఇచ్చింది సగం కంటే కొంచెం ఎక్కువ!

ఆ 749లో తెలంగాణ నీళ్లు అసలే లేవని నేను అనడం లేదు. సాగర్ ఎడమ కాల్వ కింద నల్లగొండ, ఖమ్మం భూములున్నాయి. ఆర్డీఎస్ ఉంది. చెరువులున్నాయి. కానీ ఆ అంకె ఎట్ల పుట్టిందో చూడండి. ఎవరికి ఎంత అవసరమని అడిగి రాసిన అంకె కాదది. ఏ ప్రాంతంలో ఎంత వాన పడుతుంది, ఎంత భూమి బీడు పడింది, ఎంతమంది ఊరు విడిచి పోతున్నారని చూసి రాసింది కాదు. ఒక తేదీ పెట్టుకున్నారు. ఆ తేదీ నాటికి ఎవరి కాల్వ పారుతుంటే వాళ్లకు హక్కు రాసిచ్చారు. ముందొచ్చినోడిదే మడి. వెనుకొచ్చినోడికి ఎండిన గడ్డం.

ముందెవరొచ్చారు? బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. అప్పటి నుంచి వందేళ్లు డెల్టా రెండు చేతులా పంట తీసింది. ఆ పంట మీద రైసు మిల్లులు లేచాయి, కాలేజీలు లేచాయి, పట్నాలు లేచాయి, ఆ డబ్బుతోనే వ్యాపారం, రాజకీయం, సినిమా నడిచాయి. డెల్టా రైతు కష్టపడలేదని ఎవరూ అనరు. ఆనకట్ట కట్టింది కంపెనీ దొరలు, బాగుపడింది రైతు, బాగుపడటం తప్పు కాదు. కానీ ముందుగా బాగుపడటమే ఇంకా బాగుపడటానికి హక్కుపత్రం ఎట్లయింది? ఇదీ మన ప్రశ్న.

ఇటువైపు పాత హైదరాబాద్ రాష్ట్రం చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఎగువ కృష్ణా, భీమా, తుంగభద్ర ఎడమ కాల్వ... మహబూబ్‌నగర్ జిల్లాను తడిపే ప్రణాళికలు కాగితాల మీదికి ఎక్కాయి. 1956లో ఆ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. ఎగువన కాల్వలు మొదలయ్యే చోట్లు మైసూరు పాలయ్యాయి. పాలమూరు ఆంధ్రప్రదేశ్ పాలయింది. కాల్వ తల ఒక రాష్ట్రంలో, మొండెం ఇంకో రాష్ట్రంలో! ఆ తలను అడిగే పని హైదరాబాద్‌లో కూర్చున్న కొత్త సర్కారుది. అడగలేదు. హైదరాబాద్ రాష్ట్రం చీలిపోకుండా ఉంటే ఈ జిల్లాకు సాగునీరు దొరికే అవకాశం మెరుగ్గా ఉండేదని బచావత్ ట్రిబ్యునలే తన నివేదికలో ఒప్పుకున్నది. ఒప్పుకుని, ఆ జాలితో 17.84 విదిలించింది. జూరాల అట్ల వచ్చిందే.

'ముందు వాడుకున్నవాళ్ల హక్కు కాపాడకపోతే ఎట్ల? లోకమంతా అంతే కదా' అని ఇప్పటికీ టీవీ చర్చల్లో పెద్దమనుషులు సన్నాయి నొక్కులు నొక్కుతారు. లోకమంతా అంతే కాదు. 'ముందొచ్చినోడిదే నీరు' అనే సూత్రానికి పుట్టిల్లు లాంటి పడమటి అమెరికాలోనే, వందేళ్ల కిందట, ఆ సూత్రానికి కళ్లెం వేశారు. ఆ కథ మన విద్యార్థులకు, మరీ ముఖ్యంగా నీటిపారుదల శాఖలో ఉన్న మన ఇంజనీర్లకు తెలియాలి.

కొలరాడో నదిని ఏడు రాష్ట్రాలు పంచుకుంటాయి. పైన కొండల్లో మంచు కరిగి నదికి నీరిచ్చేవి కొలరాడో, వ్యోమింగ్, యూటా, న్యూ మెక్సికో. కింద అరిజోనా, నెవాడా, కాలిఫోర్నియా. నదికి దాదాపు చుక్క నీరు ఇవ్వనిది కాలిఫోర్నియా. కానీ 1920 నాటికి పరుగులు తీస్తున్నదీ అదే. లాస్ ఏంజెలెస్ ఉబ్బిపోతున్నది, ఇంపీరియల్ లోయ పొలాలు నదిని తాగేస్తున్నాయి. కింద పెద్ద డ్యాం కట్టండి, వరద ఆపండి, కరెంటు ఇవ్వండి అని వాషింగ్టన్ మీద ఒత్తిడి పెట్టింది. పైన ఉన్న రాష్ట్రాల్లో జనం తక్కువ, పెట్టుబడి తక్కువ. వాళ్లు తమ కాల్వలు తవ్వుకునే సరికి యాభై ఏళ్లు పట్టొచ్చు. అప్పటికి నదిలో ఏం మిగులుతుంది?

దానికి తోడు 1922 జూన్‌లో వ్యోమింగ్, కొలరాడో రాష్ట్రాల కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రెండు రాష్ట్రాలూ పాటించే 'ముందొచ్చినోడి' సూత్రం వాటి మధ్య నది పంపకానికీ వర్తిస్తుందన్నది. పై రాష్ట్రాల గుండెల్లో రాయి పడింది. కాలిఫోర్నియా డ్యాం లేచిందంటే తమ నీళ్లు శాశ్వతంగా గల్లంతే.

కొలరాడో రాష్ట్రం వకీలు డెల్ఫ్ కార్పెంటర్ పట్టుకున్న పట్టు ఒక్కటే. ముందు పంపకం, ఆ తర్వాతే డ్యాం. డ్యాంకు కావాల్సిన డబ్బు కాంగ్రెస్ ఇవ్వాలి, కాంగ్రెస్‌లో పై రాష్ట్రాలకూ ఓట్లున్నాయి. ఒప్పందం లేకుంటే డ్యాం లేదు! 1922 నవంబరు 24న శాంటా ఫేలో ఒప్పందం కుదిరింది. అధ్యక్షత వహించింది అప్పటి వాణిజ్య మంత్రి, తర్వాత అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్. నదిని నడుమ లీ ఫెర్రీ అనే చోట రెండుగా విభజించారు. పైభాగానికి ఏటా 75 లక్షల ఎకరా అడుగులు, కిందిభాగానికి 75 లక్షలు. మన లెక్కలో చెరో 327 టీఎంసీలు. ఇవాళ ఎవరు ఎంత వాడుతున్నారని అడగలేదు. రేపు ఎవరికి ఎంత కావాలో చూశారు. వాడుకోకపోయినా పై రాష్ట్రాల వాటా వాళ్ల పేరనే ఉంటుంది. కింద ముందుగా వాడుకున్నంత మాత్రాన అది వాళ్ల హక్కు కాదు. 1928లో కాంగ్రెస్ చట్టం చేసింది. డ్యాం ఆ తర్వాత లేచింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాది రాయి వేసింది 1955 డిసెంబరు 10న. పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు పెట్టింది 1956 ఫిబ్రవరి 20న. 72 రోజుల తర్వాత! డ్యాం ముందు, పంపకం తర్వాత. పోనీ ఆ ఒప్పందంలోనైనా నీళ్ల మాట గట్టిగా రాశారా? మంత్రుల సంఖ్య రాశారు, ముల్కీ రాశారు, మిగులు నిధులు రాశారు, ప్రాంతీయ మండలి రాశారు. కృష్ణలో తెలంగాణకు ఇన్ని టీఎంసీలని ఒక్క అంకె లేదు. అంకె లేని ఒప్పందానికి కొలత ఎక్కడిది? కొలత లేని దానికి ఉల్లంఘన కేసు ఎక్కడిది? ముల్కీ మీద కోర్టుకు పోగలిగినం, మిగులు నిధుల మీద లెక్కలు తీయించగలిగినం. నీళ్ల మీద పోవడానికి చేతిలో కాగితమే లేదు.

తెలంగాణే కాదు, సీమ కూడా ఇట్లనే మోసపోయింది. మన వాళ్లకు ఈ మాట కొంచెం కటువుగా ఉండొచ్చు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో రాయలసీమ, నెల్లూరు అవసరాలకు ముందు చోటు, కోస్తా జిల్లాల స్థాయికి వచ్చేదాకా పదేళ్లో అంతకు మించో ఆ ప్రాధాన్యం అని అందులో ఉంది. వెనుకబడ్డ ప్రాంతానికి ముందు నీళ్లు... ఎంత గొప్ప మాట! కానీ అక్కడా అంకె లేదు. పదేళ్లు పోయాయి, ఎనభై ఏళ్లు దాటాయి, అనంతపురం ఇంకా ఆకాశం వైపే చూస్తున్నది.

పోతిరెడ్డిపాడు మీద మనం కొట్లాడినం. 2005లో 11 వేల చిల్లర క్యూసెక్కుల తూమును 44 వేలకు పెంచుతూ జీవో వచ్చినప్పుడు కొట్లాడినం, 2020 మేలో జీవో 203తో 80 వేలకు తీసుకుపోతామన్నప్పుడు కొట్లాడినం. ముందు ముందు కూడా కొట్లాడుతం. బేసిన్‌లో గొంతెండుతుంటే బేసిన్ దాటించే నీటికి ముందు వరుస ఉండదు. అయితే మన కొట్లాట కర్నూలు రైతు మీద కాదు. సీమకు హక్కుగా రాయాల్సింది రాయకుండా, వరద నీళ్ల పేరుతో తూము పెంచి, పాలమూరోణ్ణీ సీమోణ్ణీ ఒకే గట్టు మీద నిలబెట్టి తన్నుకోమన్న వాళ్ల మీద. వాళ్లిద్దరూ తన్నుకున్నంత కాలం ఆ 749.16 వైపు ఎవరూ కన్నెత్తి చూడరు.

రాష్ట్రం వచ్చింది. 2014లో ఊరూరా రంగులు చల్లుకున్నం. మరుసటి ఏడాది, 2015 జూన్‌లో, ఢిల్లీలో ఒక కాగితం మీద సంతకం పడింది. 811లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299. ఒక్క ఏడాదికే, తాత్కాలికమే అన్నారు. ఏళ్లకేళ్లు దాన్నే లాగారు. తర్వాత 66:34 అని అదే లెక్కకు శాతాల బట్ట కప్పారు. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహకంలో 68.5 శాతం తెలంగాణదని గొంతు చించుకున్న మనకు మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ! ఆ 299లోనూ పెద్ద భాగం చెరువుల కింద కాగితం మీద రాసిన నీళ్లు. వలస పాలకులు చేసిన పంపకాన్ని స్వరాష్ట్ర పాలకులు ఆమోదముద్ర వేసి ఇంటికి తెచ్చారు. దీన్ని ఏమనాలో మీరే చెప్పండి. ఆ తర్వాత ఏ పార్టీ ఆ పార్టీని తిట్టుకుంటూ అసెంబ్లీలో గంటలు గంటలు మాట్లాడింది. తిట్లకు టీఎంసీలు రావు.

2023 అక్టోబరులో కేంద్రం కొత్త విధివిధానాలిచ్చి, రెండు రాష్ట్రాల మధ్య కృష్ణా పంపకాన్ని బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. రాష్ట్రం వచ్చిన తొమ్మిదేళ్లకు! ఆలస్యమైనా తలుపు తెరుచుకున్నది. అక్కడ మనకు ఎదురయ్యే వాదన పాతదే: పాత వాడకాన్ని ముట్టుకోవద్దు. దాని పక్కనే ఇంకోటి: ఇచ్చిన నీళ్లే మీరు వాడుకోలేదు కదా!

ఈ రెండోది వింటే కడుపు మండుతుంది. వాడుకోనిచ్చారా? జూరాలకు నీళ్లు రాసింది 1970లలో, శంకుస్థాపన 1981లో. ఆర్డీఎస్‌కు 15.9 టీఎంసీలు, గద్వాల, ఆలంపూర్‌లలో 87,500 ఎకరాలు అని రాశారు. కాల్వ మొదట్లో కర్ణాటకలో సగం, తూముల దగ్గర సగం పోయి, చివరి ఆయకట్టుకు చేరింది ఎంతో ఆలంపూర్ రైతును అడగండి. కల్వకుర్తి, నెట్టెంపాడు ఎత్తిపోతలను నికర జలాలు లేని మిగులు నీటి ప్రాజెక్టులుగా మొదలుపెట్టారు. వరదొస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. శ్రీశైలం ఎడమ గట్టు సొరంగం 44 కిలోమీటర్లు. ఉమ్మడి రాష్ట్రంలో మొదలై, స్వరాష్ట్రంలో నిదురపోయి, మళ్లీ కదిలీ కదలకముందే 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది అందులో చిక్కుకుపోయారు. పాలమూరు–రంగారెడ్డి 90 టీఎంసీలన్నారు, 2015లో మొదలైంది, 2023 సెప్టెంబరులో మోటారు తిప్పి కొబ్బరికాయ కొట్టారు. నీళ్లను పొలానికి మోసే కాల్వలు అప్పటికి లేవు. కట్టనియ్యనోళ్లు కొందరు, కట్టలేనోళ్లు కొందరు, కట్టినట్టు చూపించినోళ్లు కొందరు. శిక్ష మాత్రం బొంబాయి బస్సెక్కిన లేబరోడికి.

అందుకే కొలరాడో కథలో మనకు పనికొచ్చే ముక్క ఇది: వాడకపోవడం నేరం కాదు, వాటా కాలపరిమితితో చచ్చిపోదు. నిదానంగా ఎదిగే ప్రాంతం ఎదిగే దాకా దాని నీళ్లు దాని పేర ఉండాలి. అప్పటిదాకా కింది వాళ్లు వాడుకోవచ్చు, అప్పుగా. అప్పు తిన్నవాడు ఆస్తి అనకూడదు.

అయితే ఆ ఒప్పందాన్ని నెత్తిన పెట్టుకోమని చెప్పను. దాంట్లో పెద్ద గుంతలున్నాయి. బాగా వానలు పడ్డ ఏళ్ల లెక్క చూసి నదిలో నీరెక్కువ ఉందనుకున్నారు. చెట్ల వలయాలు చదివిన శాస్త్రజ్ఞులు తర్వాత తేల్చింది, అది శతాబ్దాల్లో అరుదైన తడి కాలమని. పైగా ఏ పదేళ్లలోనైనా కిందికి 7.5 కోట్ల ఎకరా అడుగులకు తగ్గనివ్వొద్దని పై రాష్ట్రాల మెడకు షరతు కట్టారు. అంటే కిందోళ్లకు అంకె ఖాయం, పైనోళ్లకు మిగిలింది! నది చిక్కిపోయాక పై నాలుగు రాష్ట్రాలు ఏటా వాడుతున్నది 75 లక్షల్లో సగం కంటే కొంచెమే ఎక్కువ. కాలిఫోర్నియా మాత్రం తన 44 లక్షలు దాటి ఏళ్ల తరబడి తాగి, 2003 ఒప్పందం తర్వాత గానీ దారికి రాలేదు. నది ఒడ్డున తరతరాలుగా ఉన్న ఆదివాసీ జాతులను 1922లో బల్ల దగ్గరికే రానియ్యలేదు. 2026తో గడువు తీరే నిబంధనల తర్వాత ఏమిటని ఏడు రాష్ట్రాలూ ఏళ్ల తరబడి కీచులాడుకున్నాయి.

మన వకీళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడే. మంచి ఏడాదిలో ఎంత వస్తుందన్నది సగం మాటే. కరువు ఏడాదిలో కోత ఎవరికి పడుతుందన్నది మిగతా సగం. కృష్ణలో నీరు తక్కువ పడ్డప్పుడల్లా పాత ఆయకట్టుకు ముందు, మిగులు నీటి ప్రాజెక్టులకు తర్వాత అనే వరుస నడిస్తే, మనకు రేపు 299 బదులు 500 రాసిచ్చినా అది తడి ఏడాది ముచ్చటే. కోత అందరికీ సమపాళ్లలో పడాలని తీర్పులో రాయించాలి.

'డెల్టాను ఎండబెడతారా?' అని అడిగే మిత్రులకు ఒక్క జవాబు. 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ అవార్డులో పోలవరం నుంచి కృష్ణా డెల్టాకు 80 టీఎంసీలు మళ్లించుకొమ్మన్నారు. ఆ మేరకు పైన వదిలిన కృష్ణా నీళ్లలో కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14, సాగర్ ఎగువన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 45. పోలవరం పూర్తి కాకముందే పట్టిసీమ మోటార్లు గోదావరి నీళ్లను బెజవాడకు తోడటం మొదలుపెట్టాయి. 181.2 టీఎంసీల హక్కున్న డెల్టాకు గోదావరి తోడు వచ్చిందన్నమాట. మరి సాగర్ ఎగువన బీడు భూమి ఎక్కువ ఉన్నదెక్కడ? ఆ 45 ఎవరివి? ఇందులో డెల్టా రైతు మడి ఎక్కడ ఎండింది?

చివరగా మనింటి ముచ్చట. ఇవాళ ఉరుకుతున్నది ఎవరు? హైదరాబాద్! సాగర్ నుంచి మూడు దశల్లో 16.5 టీఎంసీల కృష్ణా నీళ్లు పట్నానికి పైపుల్లో వస్తున్నాయి. ఆ పైపులు పోయేది నల్లగొండ మీదుగానే. ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిన జిల్లా అది. పట్నం గొంతు తడపాల్సిందే, కాదనను. కానీ డెల్టాను మనం ఏమడుగుతున్నమో పాలమూరు, నల్లగొండ మనల్ని అదే అడిగితే? హైటెక్ సిటీ ముందొచ్చిందని, దాని నల్లాకే ముందు హక్కని అంటమా? తాగునీటికి తీసుకున్న దాంట్లో ఇరవై శాతమే ఖర్చయినట్టు లెక్కగట్టాలని బచావత్ అవార్డులోనే ఉంది. మిగతాది మురికిగా మారి మూసీలో పడుతుంది. ఆ లెక్కను ట్రిబ్యునల్ ముందు గట్టిగా పెట్టాలి. మూసీలోకి వచ్చేదాన్ని శుద్ధి చేసి నల్లగొండ పొలాలకు హక్కుగా రాయాలి. పట్నం వాటా పట్నం పేర, పాలమూరు వాటా పాలమూరు పేర, అంకెల్లో, ఇప్పుడే.

లీ ఫెర్రీ దగ్గర ఒక కొలబద్ద ఉంది. ఏ ఏడాది ఎంత పోయిందో ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గర పోతిరెడ్డిపాడులో ఎంత పోతున్నదో, సాగర్ కుడి కాల్వలో ఎంత పోతున్నదో, ఎడమ కాల్వ ఖమ్మం చివరికి ఎంత చేరుతున్నదో ఒక రాష్ట్రం చెప్పిన లెక్క ఇంకో రాష్ట్రం ఒప్పుకోదు. జలసౌధలో పనిచేసే ఉద్యోగ మిత్రులారా, సకలజనుల సమ్మెలో మీరు పెన్నులు కింద పెట్టారు. ఇప్పుడు ఎత్తండి. ఆర్డీఎస్ చివరి తూముకు పదేళ్లలో ఏ ఏడాది ఎన్ని నీళ్లు చేరాయి? కల్వకుర్తి కింద నిజంగా తడిసిన ఎకరాలెన్ని? విద్యార్థి మిత్రులు సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టండి. వచ్చిన కాగితం వచ్చినట్టు మాకు పంపండి. వారం వారం అచ్చేస్తాం.